బాబాయి ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌కి నా జవాబు

జూన్ 2 దగ్గర పడితే మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఏటా ఒక మెసేజ్ తిరుగుతుంది. ఈసారి బాబాయే పెట్టాడు. అందులో ఉన్నది నాలుగు ముక్కలు: ధర్నాలతో ఏ పాలసీ మారలేదు, పిల్లల్ని నాయకులు వాడుకుని వదిలేస్తారు, యాభై ఏళ్ల కిందటి గొడవలు తవ్వుకుంటే లాభం లేదు, విద్యార్థుల పని చదువుకోవడమే. కింద వరసగా దండాల బొమ్మలు. మాది ఖమ్మం, నాది డిగ్రీ ఆఖరి ఏడాది. గ్రూపులో ఎదురు చెబితే బాగుండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు పాలసీ సంగతి. అది పచ్చి అబద్ధం. పోయిన నెల బోనఫైడ్, అంటే అక్కడ చదివానన్న సర్టిఫికెట్ కోసం మా ఊరి బడికి వెళ్లాను. అట్ట ఊడిపోయిన అడ్మిషన్ రిజిస్టర్‌లో హెడ్మాస్టరు గారు ఒక్కో వరసా వేలితో జరుపుకుంటూ నా పేరు పట్టుకున్నారు. ఒకటి నుంచి ఏడో తరగతి లోపు ఎక్కడ నాలుగేళ్లు చదివితే ఉద్యోగాలకు అక్కడ లోకల్. ఇది 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల్లోని రూలు. దానికి ముందు 1975 ఉత్తర్వులు, వాటికి మూలం రాజ్యాంగంలోని 371-డి అధికరణం, దాని వెనక స్థానికులకు చదువుల్లో, ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇవ్వాలన్న 1973 ఆరు సూత్రాల పథకం. ఆ పథకమైనా ఊరికే రాలేదు. 1969 తెలంగాణ ఉద్యమం, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన 1972-73 జై ఆంధ్ర ఉద్యమం దాన్ని తెచ్చాయి. రెండింట్లోనూ విద్యార్థులే ముందున్నారు. బాబాయి కొడుకు మొన్న కానిస్టేబుల్ పోస్టుకి జతచేసిందీ ఈ బోనఫైడే.

1969 జనవరిలో పాల్వంచ థర్మల్ కేంద్రంలో స్థానికులకు ఉద్యోగాల గొడవ రాజుకుంది, ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. ఆ నెల 21నే, స్థానికేతర ఉద్యోగుల్ని వెనక్కి పంపాలంటూ జీవో 36 వచ్చింది. అమలు కోర్టుల్లో చిక్కుకుంది, నిజమే. అలాగే స్థానికేతరుల్ని వెనక్కి పంపమంటూ 1985 డిసెంబరు 30న వచ్చిన 610 జీవో గతి ఇంకా అన్యాయం. 1986 మార్చి 31కల్లా పూర్తి కావాల్సిన పని మీద 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. అంటే ధర్నాతో కాగితం కదిలింది, కాగితంతో ఆఫీసు కదల్లేదు. బాబాయి కోపం ఆ ఆఫీసు మీద ఉండాలి.

నాయకులు వాడుకుంటారన్న మాటకు మాత్రం సగం మార్కులు వేస్తాను. 1969 ఉద్యమంలో పుట్టిన తెలంగాణ ప్రజా సమితి 1971 లోక్‌సభ ఎన్నికల్లో 10 సీట్లు గెలిచింది. అదే ఏడాది దాని నాయకుడు మర్రి చెన్నారెడ్డి దాన్ని కాంగ్రెస్‌లో కలిపేశారు. అయితే ఇందులో తప్పు రోడ్డెక్కిన పిల్లలదా?

ఇక పాత గొడవలంటారా, మాట ఇచ్చి తప్పితే అది పాతబడదు. ఆంధ్ర, తెలంగాణ నాయకులు కలిసి చేసుకున్న 1956 ఫిబ్రవరి 20 పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు. ఆ నవంబరులో ఏర్పడ్డ మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేరు! అప్పు పత్రం పాతదైందని షావుకారు వదిలేస్తాడా?

విద్యార్థుల పని చదువే అంటున్నారు. పద్దెనిమిదేళ్లకు ఓటు ఇచ్చారు కదా, ఓటేసే మనిషికి నోరు వద్దా? 1952 సెప్టెంబరులో ముల్కీలకు, అంటే స్థానికులకు ఉద్యోగాల కోసం హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర గుమిగూడిన పిల్లల మీద కాల్పులు జరిగాయి. వాళ్లు అడిగింది చదువయ్యాక వచ్చే ఉద్యోగమే.

చదువు పాడవుతుందన్నది నిజం, దాచను. 1969లో కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. మా తాతయ్య పీయూసీ (ఇప్పటి ఇంటర్ లాంటిది) ఒక ఏడాది వెనకబడింది. ఆ ఏడాది గురించి నేను అడిగితే, పరీక్ష సంగతి వదిలేసి, కాలేజీ గేటు దగ్గర ఎవరెవరు నిలబడ్డారో పేర్లు చెప్పుకుంటూ పోతాడు. ఆయనా ఆ గ్రూపులో ఉన్నాడు. కొడుకు పెట్టిన మెసేజ్ కింద దండం బొమ్మ పెట్టనిది ఆయనొక్కడే.