రాడ్డు ఏ లోహానిదన్నది చివరి ప్రశ్న

ప్రమాదంలో తొడ ఎముకో, మోకాలి కింది టిబియానో విరిగి, లోపల రాడ్డు వేసే ఆపరేషన్ అనగానే బంధువులు ముందుగా అడిగేది 'టైటానియమా, స్టీలా? ఇంపోర్టెడా, మన దగ్గరిదా?' అనే. ప్యాకేజీ బేరం కూడా దాని చుట్టూనే తిరుగుతుంది. నిజానికి ఫలితంలో లోహం వాటా చిన్నది. రాడ్డు ఎక్కడి నుంచి దించారు, ఎంత లావుది వేశారు, దించేటప్పటికి ఎముక వరసలోకి వచ్చిందా, తర్వాత రోగిని ఎప్పుడు నడిపించారు అన్నవే కాలు సరిగా వస్తుందో రాదో తేలుస్తాయి. వీటి గురించి అడిగేవాళ్లు లేరు, విడమరిచి చెప్పేవాళ్లూ తక్కువే.

రాడ్డు ఎముకను అతికించదు. మజ్జ ఉండే గొట్టంలో నిలబడి ముక్కలు వంగకుండా కాస్తుందంతే. అతుక్కునే పని ఎముకదే. విరిగిన చోటు తెరవకుండా దూరం నుంచి దించుతారు కాబట్టి అక్కడ గడ్డకట్టిన రక్తం, ఎముక పైపొరకు అందే రక్తసరఫరా చెదరవు. 1939లో జర్మనీలోని కీల్‌లో గెర్హార్డ్ కుంచర్ మొదలుపెట్టిన ఈ పద్ధతి చాలాకాలం ఎముక నడిమి భాగపు విరుగుళ్లకే బాగా సరిపోయేది. 1970ల్లో రాడ్డుకు అడ్డంగా రెండు చివర్లా స్క్రూలు బిగించే లాకింగ్ వచ్చాక నుజ్జయిన ఎముకలకూ, కీలుకు దగ్గరి విరుగుళ్లకూ దారి దొరికింది.

ఇక లెక్కకొద్దాం. ఒకే లోహంతో చేసిన గట్టి కడ్డీ వంగకుండా నిలిచే బిగువు దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 9 మిల్లీమీటర్ల బదులు 10 వేస్తే బిగువు సుమారు 50 శాతం ఎక్కువ. 8 నుంచి 10కి వెళితే దాదాపు రెండున్నర రెట్లు. బోలు రాడ్లలో గోడ మందాన్ని బట్టి అంకె కొంత మారినా పోకడ అదే. టైటానియం మిశ్రమానికి స్టీలు బిగువులో సగానికి కాస్త ఎక్కువే ఉంటుంది. దాని సౌలభ్యం ప్రధానంగా తర్వాత ఎంఆర్ఐ తీస్తే బొమ్మ తక్కువ చెదరడంలో ఉంది. అమెరికాలోని రిచ్‌లాండ్ కేంద్రంగా 1999లో మొదలైన సైన్ సంస్థ పేద దేశాల ఆసుపత్రులకు ఇచ్చే రాడ్డు గట్టి స్టీలుదే. గొట్టాన్ని చేత్తోనే తొలిచి, బయటి గైడు సాయంతో, ఆపరేషన్ చేస్తూనే బొమ్మ చూపే ఎక్స్‌రే యంత్రం (సి-ఆర్మ్) లేకుండానే లాక్ చేస్తారు.

అసలు ఆట రాడ్డు దిగే రంధ్రం దగ్గరే మొదలవుతుంది. టిబియాలో అది ముందునుంచి తీసిన ఎక్స్‌రేలో ఎముక పైచివర ఉన్న రెండు చిన్న గుబ్బల్లో బయటిదానికి కాస్త లోపలగా, పక్కనుంచి చూస్తే కీలు ఉపరితలం ముందు అంచున ఉండాలి. కొన్ని మిల్లీమీటర్లు తప్పినా నడిమి విరుగుడులో ఎముక సర్దుకుంటుంది. పైమూడో వంతులో విరిగితే మాత్రం క్షమించదు. అక్కడ గొట్టం వెడల్పు, రాడ్డు సన్నం. మోకాలు మడవగానే మోకాలిచిప్ప కింది స్నాయువు పై ముక్కను ఎత్తుతుంది. ఎముక ముందుకు ఉబ్బి, కాలు బయటికి వంకరపోతుంది. రాడ్డు దించితే అదే సర్దుకుంటుందనుకోవడమే ఇక్కడ జరిగే పొరపాటు. ముందు ఎముకను వరసలో పెట్టి, ఆ తర్వాతే తొలవాలి. రాడ్డు పక్కకు జరగకుండా దారి ఇరుకు చేసే పోలర్ స్క్రూలు వేయాలి, లేదా మోకాలిని కొద్దిగానే మడిచి చిప్ప పైనుంచి దించాలి.

రాడ్డు పట్టేలా గొట్టాన్ని తొలవడం అర మిల్లీమీటరు చొప్పున సాగుతుంది. గోడకు తగిలి గరగరమన్నాక, వేయబోయే రాడ్డు కంటే 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చేదాకా. మొద్దుబారిన రీమర్లతో (తొలిచే పరికరాలు), ఇరుకు గొట్టంలో, రక్తం ఆపే పట్టీ (టోర్నికే) బిగించి ఉంచి తొలిస్తే ఎముక వేడికి లోపలే చచ్చిపోతుంది. రీమర్ల పదును గురించి అడిగే బంధువును ఊహించలేం గానీ, ఆసుపత్రి యాజమాన్యం అడగాలి. తొలవకుండా సన్నటి రాడ్డు వేస్తే మేలన్న వాదనను 1,200 మందికి పైగా టిబియా రోగులతో జరిగి 2008లో వెలువడిన స్ప్రింట్ అధ్యయనం పరీక్షించింది. చర్మం చిట్లని విరుగుళ్లలో తొలిచి వేసినవాళ్లకే మళ్లీ చికిత్స అవసరం తక్కువ పడింది. ఆ తేడాలో పెద్ద పాలు సన్నటి రాడ్ల స్క్రూలు విరగడానిది. చర్మం చిట్లిన విరుగుళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

తొడ ఎముకలో దొంగ శత్రువు మెలిక. మామూలు ఎక్స్‌రేలో ఎముక నిటారుగా ఉంటుంది, పాదం మాత్రం లోపలికో బయటికో తిరిగి ఉంటుంది. 15 డిగ్రీలు దాటితే నడకలో తెలుస్తుంది. దెబ్బ తగలని రెండో తొడ ఎక్స్‌రేలో లెస్సర్ ట్రొకాంటర్ (ఎముక పైభాగంలో లోపలివైపు ఉండే చిన్న గుబ్బ) ఎంత కనిపిస్తోందో ముందే చూసుకుని పోల్చాలి. మత్తు దిగకముందే రెండు తుంటిలనూ తిప్పి చూడాలి. అప్పుడైతే ఒక స్క్రూ మార్చితే సరిపోతుంది, ఆర్నెల్ల తర్వాతైతే ఎముకే కోయాలి. ముక్కల మధ్య సందు మిగలడం మరో చిక్కు. అడ్డవిరుగుడైతే కింది స్క్రూలు ముందు బిగించి, రాడ్డును వెనక్కి కొట్టి సందు మూసి, అప్పుడు పైది లాక్ చేయాలి.

ఆపరేషన్ తర్వాత 'మూడు నెలలు కాలు కింద పెట్టొద్దు' అనే మాట చాలామందికి అలవాటుగా వస్తోంది. అది ఎముక మీద ప్లేట్లు బిగించే కాలపు జాగ్రత్త. కీలులోకి చీలిక లేని నడిమి విరుగుడుకు సరైన లావు రాడ్డు లాక్ చేశాక, వాకర్‌తో ఓర్చుకోగలిగినంత బరువు మోపించడమే చాలామందికి మేలు. మంచానికి కట్టేస్తే మోకాలు బిగుసుకుంటుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పూ పెరుగుతుంది. నెలలు గడిచినా అతుకు కనబడకపోతే ముందు ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి. ఆపై ఒకవైపు స్క్రూ తీసి బరువును ఎముక మీదికి మళ్లించడమో, 1-2 మిల్లీమీటర్లు లావైన రాడ్డుతో మార్చడమో చేస్తారు. సిగరెట్, బీడీ మానని రోగికి ఇవి ఫలించే అవకాశం తగ్గుతుంది.

తెలుగునాట అదనపు చిక్కు, పుత్తూరు కట్టు పేరుతో ఊరూరా వెలిసిన బోర్డులు. కదలని చిన్న విరుగుళ్లు ఏ కట్టుతోనైనా అతుకుతాయి, ఆ పేరు అలా నిలబడింది. కానీ జరిగిపోయిన తొడ ఎముకతో మూడు, నాలుగు వారాలు గడిపి వస్తే అప్పటికే కొత్త ఎముక అల్లుకుని ఉంటుంది. విరిగిన చోటు తెరవక తప్పదు, తెరవకుండా చేసే పద్ధతి ఇచ్చే మేలంతా పోతుంది. వాచే కాలికి బిగువు కట్టు ఇంకా ప్రమాదం. మందులకు తగ్గని నొప్పి, వేళ్లు వెనక్కి వంచితే తట్టుకోలేకపోవడం కండరాల అరల్లో ఒత్తిడి పెరిగిందనడానికి గుర్తులు. డయాస్టాలిక్ బీపీకి (బీపీలో కింది అంకె), ఆ ఒత్తిడికి మధ్య తేడా 30 ఎంఎం హెచ్‌జీ కంటే తగ్గి అలాగే ఉంటే అరలు కోసి తెరవాలి. ఇందులో గంటల లెక్కే ఉంటుంది. పైగా రాడ్డు వేసిన తర్వాత కూడా ఇది రావచ్చు.

బంధువులు బేరం బదులు ఒక కాగితం అడగడం మంచిది. రాడ్డు కంపెనీ, మోడల్, పొడవు, వ్యాసం, ఎన్ని స్క్రూలు వేశారో రాసిన డిశ్చార్జి సమ్మరీ, దానికి అంటించిన ఇంప్లాంట్ స్టిక్కర్. రాడ్డు అందరికీ తీయాల్సిన పనిలేదు. తీస్తే ఎముక పూర్తిగా అతుక్కున్నాక, సాధారణంగా ఏడాదిన్నర తర్వాతే. తీసినా మోకాలి ముందు నొప్పి కొందరిలో పోదు. తీయాల్సి వస్తే మాత్రం రాడ్డు తల మరలోకి ఎక్కే ఎక్స్‌ట్రాక్టర్ బోల్టు కావాలి, ఆ మర కంపెనీ కంపెనీకీ వేరు. స్టిక్కర్ లేకపోతే ఏ సెట్టు తెప్పించాలో ఎక్స్‌రే చూసి ఊహించాలి. ఊహ తప్పితే ఆపరేషన్ బల్ల మీదే తెలుస్తుంది.