మన పొలంలో పెరుగుతున్న కాగితం

మన పత్రికను ఇకమీదట అచ్చు వేయవద్దని, అందరం ఫోనులోనే చదువుకుందామని గత సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. చెట్లను కాపాడాలన్న మంచి మనసుతోనే ఆ మాట అన్నారు. అయినా నేను ఒప్పుకోలేదు. మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర ఒక ఊరు. కాగితానికి వెళ్ళే చెట్లు మా పొలంలోనే పెరిగాయి.

మన పత్రిక అచ్చయ్యేది విజయవాడలో. కోస్తా జిల్లాల నుంచి కాగితపు మిల్లులకు వెళ్ళే సరుగుడు, జామాయిల్ (యూకలిప్టస్), సుబాబుల్ చెట్లు రైతులు నాటి పెంచినవే. సరుగుడు నాలుగేళ్ళకు కోతకు వస్తుంది. జామాయిల్‌ను కొట్టినా మోడు నుంచి మళ్ళీ పిలకలు వేస్తుంది. ఒకప్పుడు మన మిల్లులు అడవి వెదురు మీద ఆధారపడేవి. 1988 జాతీయ అటవీ విధానం, కావలసిన కలపను రైతులతో పెంచించుకోమని పరిశ్రమలకు చెప్పింది. కొండల మీది వెదురుకు ఆ మేరకు మేలే జరిగింది. మనం పత్రిక మానేసినంత మాత్రాన ఏ అడవిలోనూ ఒక చెట్టు అదనంగా నిలవదు. గిరాకీ తగ్గితే రైతు ఆ తోట తీసేసి మరొకటి వేసుకుంటాడు.

కలప చేసిన మేలును తక్కువ చేయలేం. 1844లో జర్మనీలో కెల్లర్ అనే ఆయన కలపను సానరాయికి ఒరిపించి గుజ్జు తీసేనాటికి, ఐరోపాలో కాగితం దాదాపుగా పాత గుడ్డపీలికలతోనే తయారయ్యేది. పీలికలకు కరువొచ్చిన కాలమది. కలప గుజ్జు వచ్చాకే వార్తాపత్రిక, పిల్లల నోటుపుస్తకం పేదింటికి చేరాయి.

మిల్లులో చెక్కముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిపిన ద్రావణంలో ఉడికిస్తారు. నారను అంటిపెట్టుకున్న లిగ్నిన్ అనే బంకలాంటి పదార్థం కరిగిపోయి, ఎండు కలపలో సుమారు సగమే గుజ్జుగా మిగులుతుంది. కరిగిన సగాన్ని చిక్కబరచి బాయిలరులో మండిస్తే ఆవిరి, కరెంటు వస్తాయి, రసాయనాలు కూడా చాలావరకు తిరిగి దక్కుతాయి. ఇంత పొదుపైన పద్ధతిలోనూ కుళ్ళిన గుడ్ల కంపు, విపరీతమైన నీటి వాడకం తప్పవు. గుజ్జును క్లోరిన్‌తో తెల్లబరచిన రోజుల్లో డయాక్సిన్లు అనే విషపదార్థాలు నదుల్లో కలిశాయి. క్లోరిన్ డయాక్సైడ్‌కు మారాక అవి బాగా తగ్గాయి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది మా పొలం గట్టు మీద నిలబడితే కనిపిస్తుంది.

మా నాలుగెకరాల మెట్టలో నా చిన్నప్పుడు వేరుశనగ, చోళ్ళు (రాగులు), గోగు వేసేవారు. కలుపుకు, కోతకు, కాయ ఒలవడానికి ఊరి ఆడవాళ్ళకు నెలల తరబడి పని ఉండేది. గోగు కట్టలను చెరువులో ఊరవేసి, కాడ మెత్తబడ్డాక మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నార తీసేవారు. ఆ వాసన నాలుగు వీధులకు కొట్టేది, నీళ్ళలో నాని వేళ్ళు తెల్లగా పాలిపోయేవి. ఆ చాకిరీ మళ్ళీ రావాలని నేను కోరను. కానీ నెల్లిమర్ల, విజయనగరం జూట్ మిల్లులు నడిచింది ఇలాంటి నారతోనే. ఎన్నో ఇళ్ళు గడిచింది ఆ కూలితోనే.

నాన్న పోయాక అందులో సరుగుడు నాటించింది నేనే. అప్పుడప్పుడు ఫోను చేసి కనుక్కుంటే చాలు, నాలుగేళ్ళు చూసుకోనక్కరలేదు. మా చుట్టుపక్కల బయటికి వెళ్ళిపోయినవారి పొలాలు చాలావరకు ఇలాగే మారాయి. ఇరవై ఏళ్ళు మా నేల దున్నిన కౌలుదారు భార్యతో కలిసి భవనాల పనికి చెన్నై వెళ్ళిపోయారు. నాకు ఆ కబురు తెలిసింది ఏడాది తర్వాత.

పోయిన సంక్రాంతికి వెళ్ళేసరికి కోత జరుగుతోంది. పది మంది బయటి కూలీలు వారంలో నాలుగెకరాలూ నేలమట్టం చేశారు. పచ్చి దుంగ ఎండలో పడి ఉన్నకొద్దీ బరువు తగ్గుతుంది. ట్రాక్టరు రెండు రోజులు ఆలస్యమైతే కాటా దగ్గర ఆ తేడా రైతు నెత్తినే పడుతుంది. ధర దళారి చెప్పిందే. సరుగుడు మంచి చెట్టే, దాని వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు పడతాయి, తీరంలో ఇసుకను ఆపుతుంది. జామాయిల్ అలా కాదు, దాని పక్కన గట్టు వెంట నాలుగు సాళ్ళు ఎదగవని నాన్న అనేవారు.

అందుకని నా మాట ఇది. పత్రికను అచ్చులోనే ఉంచుదాం. లోపలి పేజీలకు పాత కాగితం నుంచి తీసినదాన్ని వాడదాం. నార ఐదారుసార్లు తిరిగి వాడేసరికి పొట్టిదై పనికిరాకుండా పోతుంది కనుక కొంత కొత్త గుజ్జు ఎలాగూ కావాలి. గోగు కాడతోనూ కాగితం చేయవచ్చు, నాలుగైదు నెలల్లో పంట చేతికొస్తుంది. కాకపోతే ఏడాదికొకసారి వచ్చే పంటను నిల్వచేసి పెద్ద మిల్లును నడపడం కష్టం. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, అది మిల్లు బాయిలర్లను ఇబ్బంది పెడుతుంది, పైగా గడ్డి పశువులకు కావాలి. ఉగాది సంచిక అట్టకైనా గోగునారతో చేతికాగితం చేయించుకుందాం. ఆ ఖర్చులో నా వంతు నేను ఇస్తాను.

నేను మళ్ళీ సరుగుడు నాటించలేదు. గట్ల మీద ఒక వరుస మాత్రం ఉంచి, మిగతా నేల మా కౌలుదారుకే ఇస్తానని చెన్నైకి ఫోను చేశాను. తిరిగి వచ్చారు. రెండెకరాల్లో వేరుశనగ వేశారు. మిగతా రెండెకరాల్లో మొద్దులు ఇంకా నేలలోనే ఉన్నాయి, వాటిని తవ్వించే ఖర్చు నాది.