సికిల్ సెల్‌లో చెదిరేది ప్రొటీన్ మడత కాదు
జన్యువులో ఒక్క అక్షరం మారితే ప్రొటీన్ ఆకారమే చెదిరిపోయి జబ్బు వస్తుందని నేను చదివిన ఒక వ్యాసంలో ఉంది. ఆ మాట చాలా రోగాలకు సరిపోతుంది కానీ, అక్కడ ఉదాహరణగా తీసుకున్న సికిల్ సెల్ వ్యాధికి (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వారసత్వ రక్తవ్యాధి) పూర్తిగా పొసగదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే ప్రొటీన్ హిమోగ్లోబిన్. అందులోని బీటా గ్లోబిన్ అనే గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లానికి (ప్రొటీన్ గొలుసులో పూసలాంటిది) బదులు వాలీన్ అనే మరొకటి చేరినా హిమోగ్లోబిన్ మడత, అంటే ఆ గొలుసులు ముడుచుకున్న ఆకారం, దాదాపు అలాగే ఉంటుంది, అది ఆక్సిజన్‌ను మోస్తూనే ఉంటుంది. మామూలు హిమోగ్లోబిన్‌కూ దీనికీ మధ్య 1949లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ బృందం గుర్తించిన తేడా కూడా విద్యుదావేశంలోనిదే. అసలు చిక్కు ఆక్సిజన్‌ను వదిలాక మొదలవుతుంది: నీటితో పొత్తు కుదరని ఆ వాలీన్ పక్క అణువు మీది చిన్న గుంటలో ఒదిగిపోవడంతో అణువులు ఒకదానికొకటి అతుక్కొని, పొడవాటి పోగులుగా పెరిగి, ఎర్ర రక్తకణాన్ని లోపలి నుంచే వంచేస్తాయి. నేను రక్తపరీక్షల గదిలో పనిచేసిన రోజుల్లో, మన్యం నుంచి వచ్చిన ఒక పిల్లవాడి రక్తపు చుక్కలో ఆక్సిజన్‌ను లాగేసే సోడియం మెటాబైసల్ఫైట్ కలిపి, కవర్‌స్లిప్ కప్పి చూస్తే, అంతకుముందు గుండ్రంగా కనిపించిన కణాలు కాసేపటికి కొనలు తేలి కొడవళ్లలా మారాయి. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందు కదులుతుంది. ఒంట్లో నీరు తగ్గితే కణంలో హిమోగ్లోబిన్ చిక్కబడి ఈ పోగులు త్వరగా కడతాయి కనుకనే, ఎండాకాలంలో ఈ పిల్లలకు పదేపదే నీళ్లు తాగించమని వాళ్ల తల్లులకు నేను మరీ మరీ చెప్పేదాన్ని. ఈ వ్యాధికి ఇచ్చే హైడ్రాక్సీయూరియా మందు మేలు చేయడానికి ముఖ్య కారణం కూడా ఇలాంటిదే: అది పెంచే పిండదశ హిమోగ్లోబిన్ (బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పటి రకం) ఆ పోగులలో చేరదు.