ఆరు ఓట్ల ఊరు

అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని డిక్స్‌విల్ నాచ్ అనే చిన్న ఊరి ఓట్లు దేశం మూడ్ చెబుతాయన్న వ్యాసంలోని మాట ఒప్పుకోలేను. 2016 అధ్యక్ష ఎన్నికల్లో అక్కడ హిల్లరీకి నాలుగు, ట్రంప్‌కు రెండు. దేశంలో గెలిచింది ట్రంప్!

నాకు ముచ్చటేసేది వేరే. 1960 నుంచీ ఆ ఊళ్లో అర్ధరాత్రి పన్నెండింటికే పోలింగ్. చలిలో అందరూ వచ్చి ఓటేస్తారు, నిమిషాల్లో లెక్క తేలిపోతుంది. ఒక్కరు రాకపోయినా పోలింగ్ అప్పుడే ముగించడం కుదరదు కదా. 2024లో ఉన్న ఆరుగురూ వేశారు. ట్రంప్‌కు 3, హ్యారిస్‌కు 3. వాళ్లలో నలుగురు ఓటరు జాబితాలో రిపబ్లికన్లుగా, అంటే ట్రంప్ పార్టీవాళ్లుగా, నమోదైనవాళ్లే! అంటే కనీసం ఒకరు పార్టీని పక్కనపెట్టి మనసుకు నచ్చినట్టు వేశారన్నమాట. పొద్దున లేస్తే పక్కింటివాళ్లకీ తెలిసిపోయేంత చిన్న ఊళ్లో అలా వేయడానికి ధైర్యం కావాలండీ.