ఇంతకీ ఆవిడ ఏం కట్టారు?

మార్చి వచ్చిందంటే మన తెలుగు సంఘాలకు మహిళా పురస్కారాలు గుర్తొస్తాయి. డాక్టర్లు, నాట్యగురువులు, వ్యాపారవేత్తలు, ఐటీ వాళ్లతో జాబితా ఇట్టే నిండిపోతుంది. నిర్మాణ రంగంలో పనిచేసే మహిళల్ని కూడా పిలవాలన్న మాట ఇప్పుడిప్పుడే వినిపిస్తోంది. సంతోషం. నా పేచీ అల్లా ఆ వేదికల మీద చదివే సన్మాన పత్రాలతోనే. "పురుషాధిక్య రంగంలో ధైర్యంగా అడుగుపెట్టి, ఇంటినీ ఉద్యోగాన్నీ సమర్థంగా నెట్టుకొస్తూ, ఎందరికో ఆదర్శంగా నిలిచిన" అని మొదలవుతాయి, అక్కడక్కడే తిరిగి అక్కడే ముగుస్తాయి. చప్పట్లు, శాలువా, ఫోటో. అంతా అయ్యాక హాల్లో ఎవర్నయినా పట్టుకుని "ఇంతకీ ఆవిడ ఏం కట్టారండీ?" అని అడగండి. వంతెనా, ఆస్పత్రా, మురుగునీటి లైనా? పునాదులు చూశారా, ఎస్టిమేట్లు వేశారా, వెల్డింగ్ చేశారా? ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, పత్రంలోనే ఆ ముక్క లేదు.

ధైర్యాన్ని మెచ్చుకోవడానికి పని తెలియనక్కర్లేదు. ఘనతను గుర్తించాలంటే మాత్రం పని తెలిసి తీరాలి. ఈ రెంటినీ మనం ఒకటిగా కలిపేస్తున్నాం, అందులో నష్టపోతున్నది ఎవరిని సత్కరిస్తున్నామో వాళ్లే.

ఇది ఇప్పటి అలవాటు కాదు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కడుతున్నప్పుడు చీఫ్ ఇంజినీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో మంచం పట్టాడు. నది అడుగున, పీడనంతో గాలి నింపిన పెద్ద పెట్టెల్లోకి దిగి పునాదులు తవ్వించేవారు, అందులోంచి పైకి వచ్చినప్పుడు పట్టుకునే జబ్బు అది. అక్కడినుంచి పదేళ్లకు పైగా ఆయనకూ సైట్‌కూ మధ్య నిలబడింది భార్య ఎమిలీ. చెప్పిన మాట మోసుకెళ్లడంతో సరిపోలేదు. పదార్థాల బలం, కేబుళ్ల నిర్మాణం, వేలాడే తీగ తీసుకునే వంపు లెక్కలు, ఇవన్నీ నేర్చుకుంది. అసిస్టెంట్ ఇంజినీర్లతో, కాంట్రాక్టర్లతో, ట్రస్టీలతో మాట్లాడింది. 1883 మే 24న వంతెన తెరిచినప్పుడు అమెరికా కాంగ్రెస్ సభ్యుడు ఏబ్రమ్ హ్యూయిట్ తన ప్రసంగంలో ఆమెను పేరు పెట్టి ప్రస్తావించాడు. ఆ కాలానికి అది పెద్ద విషయమే. కానీ ఆయన మాటల వరస చూడండి. స్త్రీ త్యాగనిరతికి ఈ వంతెన చిరకాల స్మారకం అన్నాడు ముందు. ఇన్నాళ్లూ ఆమెకు అందనివ్వని ఉన్నత విద్యను అందుకోగల శక్తి ఆమెకుందని అన్నాడు ఆ తర్వాత. త్యాగం ముందు, తెలివి వెనక. ఆమె గురించి అన్న మాటల్లో కేబుళ్ల సంగతి ఎక్కడా లేదు. 140 ఏళ్లు దాటాయి, మన పత్రాల్లో వరస కూడా మారలేదు.

మన తెలుగువాళ్ల దగ్గరికే వద్దాం. అయ్యలసోమయాజుల లలిత గురించి ఈ మధ్య చాలామంది రాశారు. 1919లో పుట్టి, పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుని, చంటిపిల్లను పెంచుకుంటూ మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, 1940ల్లో ఎలక్ట్రికల్ ఇంజినీరైన మనిషి. ఆ వ్యాసాలన్నీ వైధవ్యం దగ్గర మొదలై, వాటిలో సగం అక్కడే ఆగిపోతాయి. ఆవిడ కష్టం చిన్నదని నేననడం లేదు. కానీ కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ఆవిడ ఏళ్ల తరబడి చేసిన పని ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైను, సబ్‌స్టేషన్ల లేఅవుటు. భాక్రా నంగల్ డ్యామ్ పనుల్లో ఆవిడ చెయ్యి ఉంది. సబ్‌స్టేషన్ లేఅవుట్ అంటే ఏ పరికరం ఎక్కడ పెట్టాలి, దేనికి ఎంత దూరం వదలాలి, ఒక లైను ఆపి రిపేరు చేస్తుంటే మిగతా సరఫరా ఆగకుండా ఎలా చూడాలి అన్న లెక్క. అందులో తప్పు జరిగితే మనుషులు చచ్చిపోతారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల సదస్సుకు ఆవిడ వెళ్లింది ఈ పని చేసిన ఇంజినీరుగా, బాధను దిగమింగిన వితంతువుగా కాదు. మనం మాత్రం ఆ రెండో కథే చెప్పుకుంటున్నాం. చెప్పడం తేలిక, వినడానికి కరుణగా కూడా ఉంటుంది.

గాలి మాధవీలత విషయంలో మన తొందర ఇంకోవైపు పోయింది. 2025 జూన్ 6న జమ్మూకశ్మీర్‌లో చీనాబ్ నది మీద రైల్వే వంతెన ప్రారంభమైన మర్నాటి నుంచీ, నది మట్టానికి 359 మీటర్ల ఎత్తున ఉన్న ఆ వంతెన మొత్తం ఒక తెలుగు మహిళే కట్టినట్టు వాట్సాప్‌లో పోస్టులు తిరిగాయి. మన గ్రూపుల్లో ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో మీకూ తెలుసు. చివరికి ఆవిడే కల్పించుకుని, ఈ వంతెనకు పనిచేసిన వేలమందిలో తానూ ఒకరినని, తనను అనవసరంగా ప్రసిద్ధురాలిని చెయ్యొద్దని చెప్పుకోవాల్సి వచ్చింది. చాలామంది దాన్ని వినయం అనుకుని మళ్లీ ఫార్వర్డ్ చేశారు. నాకైతే అది వినయం కంటే కచ్చితత్వం అనిపించింది. ఇంజినీరు తన పని హద్దు ఎక్కడో చెప్పారు, అంతే.

ఆ హద్దు లోపల ఏముందో మనం చదివితే పొగడ్త ఎంత పలచనదో తెలుస్తుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్‌గా ఉంటూ ఆవిడ 17 ఏళ్లు చూసింది ఆ వంతెన నిలబడే కొండవాలుల సంగతి. 467 మీటర్ల ఉక్కు ఆర్చి బరువంతా రెండు వైపులా కొండల మీదే పడుతుంది. ఆ రాయి ఏకశిల కాదు, పగుళ్లు, పొరలు, లోపల ఖాళీలు. ముందే డ్రిల్ చేసి చూసిన దానికీ, తవ్వాక బయటపడిన దానికీ పొంతన ఉండదు. అందుకని ఒకసారి డిజైన్ గీసి సంతకం పెట్టి వెళ్లిపోవడం అక్కడ కుదరలేదు. తవ్వుతూ, రాయి ఎలా ఉందో చూస్తూ, ఎక్కడ బోల్టులు దించాలి, ఎక్కడ గ్రౌటింగ్ చెయ్యాలి (పగుళ్లలోకి సిమెంటు మాలు ఎక్కించడం), వాలు ఏ కోణంలో చెక్కాలి అని ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోయిన పద్ధతి అది. ఆవిడే ఆ అనుభవాన్ని పరిశోధన పత్రంగా రాశారు. "వంతెన కట్టిన వనిత" అన్న శీర్షికలో ఇదేమీ లేదు. ఆ శీర్షిక రెండు అన్యాయాలు చేసింది. మిగతా వేలమందిని తుడిచేసింది, ఆవిడ నిజంగా చేసిన పనిని కూడా తుడిచేసింది.

పని పేరు చెప్పకపోతే కొన్నాళ్లకు మనుషులే మాయమవుతారు. లండన్‌లో వాటర్లూ వంతెన రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా కట్టారు. మగవాళ్లు యుద్ధానికి పోయారు కాబట్టి కూలీల్లో, వెల్డర్లలో, రాళ్లు చెక్కేవాళ్లలో పెద్ద సంఖ్యలో ఆడవాళ్లున్నారు. 1945 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభిస్తూ ఉప ప్రధాని హెర్బర్ట్ మోరిసన్ అన్నదేమిటంటే, ఈ వంతెన కట్టిన మగవాళ్లు అదృష్టవంతులు, తమ పేర్లు మరిచిపోయినా పని తరతరాలు నిలుస్తుందని వాళ్లకు తెలుసు అని. ఆడవాళ్లకు పేర్లు మరిచిపోయే అదృష్టం కూడా దక్కలేదు, అసలు ఉన్నారని చెబితేగా. థేమ్స్ మీద పడవలు నడిపేవాళ్లు మాత్రం అది ఆడవాళ్ల వంతెన అని ప్రయాణికులకు చెప్పుకుంటూ వచ్చారు. నోటి మాటను చరిత్ర అని ఒప్పించడానికి కాగితం కావాలి, కాగితం దొరకలేదు. పని చేస్తున్న ఆడవాళ్ల ఫోటోలు పాత పత్రిక భాండాగారంలో బయటపడి, అధికారిక వారసత్వ జాబితాలో వాళ్ల ప్రస్తావన చేరేసరికి 2015 వచ్చింది.

అదే 2015లో అమెరికన్ సివిల్ ఇంజినీర్ల సొసైటీ నోరా స్టాంటన్ బ్లాచ్ బార్నీకి ఫెలో హోదా ఇచ్చింది. 1905లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజినీరింగ్ డిగ్రీ తీసుకున్న మనిషి. జూనియర్ మెంబర్‌గా చేర్చుకుని పై హోదాకు ఒప్పుకోకపోతే 1916లో కోర్టుకెక్కింది, ఓడిపోయింది. 1971లో చనిపోయింది. ఇచ్చినందుకు మెచ్చుకోవాలా, 99 ఏళ్లు పట్టినందుకు సిగ్గుపడాలా?

ఇక్కడిదాకా చెప్పినవాళ్లంతా చదువుకున్నవాళ్లో, ప్రపంచ నగరాల్లో పనిచేసినవాళ్లో. భారతదేశంలో కట్టడాల దగ్గర పనిచేసే ఆడవాళ్లలో ఎక్కువమంది తట్ట మోసేవాళ్లు. ఇసుక, కంకర, ఇటుక, కలిపిన మాలు, అన్నీ నెత్తి మీదే పరంజా ఎక్కుతాయి. ఎన్నేళ్లు చేసినా చాలామంది మేస్త్రీ కాలేరు, ఎందుకంటే తాపీ చేతికిచ్చి నేర్పేవాళ్లుండరు. మాలు పాళ్లు చూసి చూసి ఆమెకు కంటితోనే తెలుస్తాయి, గోడ గుండు పెట్టి చూడ్డం కూడా వచ్చి ఉంటుంది, అయినా హాజరు పట్టీలో "హెల్పర్" అనే ఉంటుంది. కొన్నిచోట్ల అదీ ఉండదు. దంపతుల కూలి కలిపి భర్త చేతికిస్తారు, ఆమె పేరే ఎక్కదు. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చినప్పటినుంచీ సంక్షేమ బోర్డులో నమోదు కావాలంటే ఏడాదిలో కనీసం 90 రోజులు పనిచేసినట్టు చూపించాలి. పేరే ఎక్కని మనిషి ఏం చూపిస్తుంది? ఆమెకు గుర్తింపు అంటే శాలువా కాదు, మస్టర్‌లో తన పేరున ఒక గీత. ప్రసూతి సాయం, పెన్షన్ లాంటివన్నీ ఆ గీత తర్వాతే.

అమెరికాలో లెక్క వేరు, బాధ దగ్గరదే. అక్కడ నిర్మాణ రంగంలో పనిచేసేవాళ్లలో ఆడవాళ్లు సుమారు 11 శాతం. అందులో ఎక్కువమంది ఆఫీసు వైపే, పనిముట్లు పట్టుకునే పనుల్లో చాలా తక్కువ. ఎత్తుల మీద పనిచేసేవాళ్లకు వేసే హార్నెస్, చేతి గ్లవుజులు, బూట్లు చాలావరకు మగ ఒంటికి తీసిన కొలతలే. వదులు గ్లవుజు మిషన్‌లో ఇరుక్కుంటుంది, వదులు హార్నెస్ పడేటప్పుడు మనిషిని సరిగ్గా పట్టదు. రక్షణ సామగ్రి వేసుకునేవాళ్ల ఒంటికి సరిపోవాలి అని అక్కడి భద్రతా సంస్థ ఓషా నిర్మాణ రంగానికి స్పష్టంగా రాసిన రూలు 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. కెనడాలోని ఒంటారియో 2023లో పెద్ద సైట్లలో ఆడవాళ్లకు ప్రత్యేకంగా టాయిలెట్ ఉండాలని నిబంధన తెచ్చింది. ఒక కంపెనీ తన మహిళా సిబ్బందికి వేదిక మీద ఫలకం ఇచ్చి, సైట్లో మాత్రం పెద్ద సైజు బూట్లలో గుడ్డలు కుక్కుకోమంటే ఆ ఫలకం ఎందుకు?

ఆడవాళ్లకు వేరే అవార్డు ఎందుకు, పనిని పనిగా చూస్తే చాలదా అని కొందరంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ పనిని పనిగా చూసే కళ్లే ఇన్నాళ్లూ ఆ పనిని చూడలేదు కదా. 1953లో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో 16 మంది మహిళలు కలిసి మొదలుపెట్టిన చిన్న బృందమే ఇవాళ అమెరికాలో నిర్మాణ రంగ మహిళల జాతీయ సంఘం. వేరే వేదిక కట్టుకోకపోతే వాళ్ల గురించి మాట్లాడేవాళ్లే ఉండేవారు కారు. కాబట్టి వేరే అవార్డు ఉండనివ్వండి. ప్రమాణం మాత్రం పనే కావాలి.

అందుకని మన సంఘాల అవార్డు కమిటీలకు ఒక చిన్న అభ్యర్థన. నామినేషన్ ఫారంలో "స్ఫూర్తిదాయక ప్రయాణం" అని ఉండే పెద్ద పెట్టెను కుదించి, ఆమె పనిచేసిన ఒక్క కట్టడం ఏదో, అందులో ఆమె వంతు ఏదో, ఎదురైన సాంకేతిక సమస్య ఏదో రాయడానికి చోటు పెట్టండి. బృందంలో ఎవరెవరున్నారో కూడా అడగండి. వాళ్లు చెప్పడానికి మొహమాటపడితే సహోద్యోగితో రాయించండి. సన్మాన పత్రం రాసే పెద్దలు ఒకసారి ఆమెకు ఫోన్ చేసి, అర్థం కాని మాటలుంటే అడిగి తెలుసుకోండి. కాస్త టెన్షన్ ఉంటుంది, ఉండనివ్వండి. ఇంకోటి, మన సంబరాలన్నీ శనివారాలే. కాంక్రీట్ పోసేది కూడా తరచుగా ఆ రోజే. పిలిచేముందు ఆమెకు షిఫ్టు ఎప్పుడో కనుక్కోండి.