లెక్కలో లేని కుర్ర తండ్రి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో అయ్యారు. దేశ సగటు 6.8 శాతం. ఈ అంకె గురించి ఎంత చర్చ జరిగినా తక్కువే. అయితే ఆ సర్వే మగవాళ్లనూ ప్రశ్నించింది. రాష్ట్ర సారాంశ పట్టికలో 21 ఏళ్లలోపు పెళ్లయిన మగవాళ్ల శాతం ఉంది. ఆ వయసుకే తండ్రులైన వాళ్ల శాతం మాత్రం లేదు. బిడ్డ గాలికి పుట్టదు కదా!

చట్టం మాత్రం ఈ కుర్ర తండ్రిని చూస్తుంది, అదీ రెండు కళ్లతో రెండు రకాలుగా. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం నిర్వచనం ప్రకారం 21 నిండని మగవాడు ‘బాలుడే’. అదే చట్టంలోని తొమ్మిదో సెక్షన్ ప్రకారం 18 దాటిన అతను మైనర్ బాలికను పెళ్లాడితే రెండేళ్ల దాకా కఠిన జైలు శిక్ష పడవచ్చు. ఇక పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం ఉండనే ఉంది. అస్సాంలో 2023 ఫిబ్రవరిలో బాల్య వివాహాల కేసుల్లో వేల మందిని అరెస్టు చేసినప్పుడు చంకలో పసిబిడ్డలతో పోలీసు స్టేషన్ల ముందు కూర్చున్నది ఎవరు? ఆ పెళ్లిళ్లకు బలైన అమ్మాయిలే. నేరాన్ని మాఫీ చేయమని అనడం లేదు. తండ్రిని జైల్లో పెట్టాక బిడ్డకు పాల డబ్బా ఎవరు కొంటారన్నదే నా ప్రశ్న.

చట్టం కంటే మన ఆచారం చేసే పని సున్నితమైనది, అందుకే కంటికి ఆనదు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వెళ్లిన భార్య, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా తిరిగి రాదు. ఇరవై ఏళ్ల మేస్త్రీ కుర్రాడు ఆదివారం బస్సెక్కి, అరడజను అరటిపళ్లతో అత్తవారింటికి వెళ్తాడు. అక్కడ అతను అల్లుడు. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, బిడ్డను రెండు నిమిషాలు ఒళ్లో పెట్టి, మెడ నిలపడం చేతకాదంటూ తీసేసుకుంటారు. చేతకాదు నిజమే. నేర్పింది ఎవరు? సాయంత్రం బస్సుకు తిరిగి బయలుదేరుతాడు. ఆస్పత్రిలోనూ ఇదే తంతు: ప్రసూతి వార్డులోకి మగవాళ్లను రానివ్వరు, ఆశా కార్యకర్త మాట్లాడేది తల్లితోనో అమ్మమ్మతోనో. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. రోజుకూలీకి ఆ మాటే తెలియదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1885లో గాంధీకి తొలి బిడ్డ పుట్టి కొద్ది రోజులకే చనిపోయేనాటికి ఆయన వయసు 16. తర్వాతి కొడుకు హరిలాల్ 1888లో పుట్టాడు. ఆ సెప్టెంబరులోనే తండ్రి లండన్ ఓడ ఎక్కాడు. రాజ్‌కోట్‌లోని ఉమ్మడి కుటుంబం పసివాణ్ని సాకింది కనుక ఇల్లు గడిచింది. ఆ తండ్రీకొడుకుల మధ్య తర్వాత పెరిగిన ఎడానికి ఇదే కారణమని చెప్పడం తొందరపాటు అవుతుంది. కానీ ఆనాడు దన్నుగా నిలిచిన ఆ ఇల్లు, వలస వచ్చి హైదరాబాద్ శివారులో రేకుల గదిలో ఉంటున్న కుర్రాడికి లేదు. ఆచారం మాత్రం పొల్లుపోకుండా మిగిలింది.

తర్వాత అందరం అతన్ని ‘బాధ్యత లేనివాడు’ అంటాం. అమ్మాయి పదిహేడేళ్లకే బాధ్యతను మోస్తోంది కనుక ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ అతని చేతికి అసలు అందించనిదాన్ని వదిలేశాడని ఎలా అనగలం? అయిదో నెలలో భార్య వచ్చేసరికి ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు మూడూ అయిపోయి ఉంటాయి. ఆ కార్డు ఏ సంచిలో ఉందో కూడా అతనికి తెలియదు.