ఆడ టామ్ పేరు టామెట్ కాదు, మాలీ

నిన్న "టామ్ అండ్ జెర్రీ" కార్టూన్‌లోని టామ్‌ని ఆడపిల్లిగా మార్చి గీసి, నెట్‌లో పెట్టాను. అదే బూడిద రంగు ఒళ్లు, అదే తెల్లటి మూతి, ఎలుకని చూడగానే వచ్చే అదే వంకర నవ్వు. కింద "మాలీ" అని రాశాను. గంట తిరక్కుండానే ఒకరు అడిగారు: "లేడీ టామ్ అంటే సరిపోయేదిగా? పేరు కోసం ఇంత ఆలోచనా?" అవును, ఇంతా అవసరమే. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ఇంగ్లీషులో టామ్‌క్యాట్ అంటే మగపిల్లి. ఆ పేరులోనే అది పిల్లి అనీ, మగదనీ ఉంది. ఆడపిల్లిని మాలీ అంటారు. మొదట నేనూ టామెట్ అనే రాసుకున్నా. రెండు రోజులు ఆ పేరుతోనే స్కెచ్‌లు వేశా. బొమ్మ కుదిరితే ఒట్టు! ఎలా గీసినా టామ్‌కి రిబ్బన్ కట్టినట్టే వచ్చేది. మాలీ అన్న మాట తట్టాక రిబ్బన్ తీసేశా, పొడుగాటి రెప్ప వెంట్రుకలు చెరిపేశా. ఎలుక కన్నం ముందు కాపు కాసే ఆడపిల్లి కాగితం మీద కనిపించింది. అన్నట్టు, 1940లో వచ్చిన మొదటి కార్టూన్‌లో అసలు టామ్ పేరు జాస్పర్. టామ్ అయింది ఆ తర్వాతే.

నాకు ఒళ్లు మండేది టామెట్‌లాంటి పేర్ల చివర తగిలించే ఈ "ఎట్" తోక చూస్తేనే. ఫ్రెంచి నుంచి వచ్చిన ఆ తోకకి ఆడ అనే కాదు, చిన్నది అని కూడా అర్థం. సిగార్‌కి చిన్నది సిగరెట్. అంటే ఆ తోక తగిలించిన ప్రతిసారీ అసలువాడు ఒకడున్నాడు, ఈమె వాడి చిన్న నకలు అని చెప్తున్నట్టే. స్మర్ఫ్‌లనే బుల్లి నీలి మనుషుల కామిక్‌లోకి 1966లో వచ్చిన స్మర్ఫెట్‌నే చూడండి. మిగతావాళ్లకి తెలివిని బట్టో, చిరాకుని బట్టో పేర్లున్నాయి. ఆమెకి మాత్రం ఆడది కావడమే పేరైంది.

అదే ఆడ పాత్రని మగగా మార్చేటప్పుడు తోక ఎవరూ వెతకరు, చూశారా? మై లిటిల్ పోనీ అనే గుర్రప్పిల్లల కార్టూన్ అభిమానులు అందులోని ట్వైలైట్ స్పార్కిల్‌ని మగగా మార్చి డస్క్ షైన్ చేశారు. అదే మునిమాపు, అదే మెరుపు, మాటలు వేరు. ఇంకో గుర్రప్పిల్ల రేరిటీని ఎల్యూసివ్ అన్నారు: అరుదైనది కాస్తా అందనిదైంది. ఎంత ముచ్చటగా ఉంది! పేరు పెట్టినవాళ్లకి ఆ గుర్రప్పిల్ల మనసు తెలుసు. మగవైపు వెళ్లేటప్పుడు పెట్టే ఈ శ్రద్ధ ఆడవైపు వచ్చేసరికి ఎందుకు తగ్గుతుంది? నా గొడవంతా అదే.

శ్రద్ధ పెడితే ఎంత బాగుంటుందో అడ్వెంచర్ టైమ్ అనే కార్టూన్ షోలో చూడొచ్చు. ఆ షోకి పనిచేస్తూనే నటాషా అలెగ్రీ పాత్రల్ని ఆడా మగా తారుమారు చేసి సరదాగా వేసుకున్న బొమ్మలు 2011లో ఒక ఎపిసోడ్ అయ్యాయి, 2023లో సొంత సిరీసే అయ్యాయి. షో హీరో ఫిన్ అనే అబ్బాయి ఫియోనా అయింది. ఇంగ్లీషు స్పెల్లింగులో ఫిన్‌లోని రెండు "ఎన్"లూ ఫియోనాలో అలాగే ఉన్నాయి. జేక్ కుక్క కేక్ అనే పిల్లి అయింది, మారింది ఒక్క అక్షరం. బబుల్‌గమ్ యువరాణి గమ్‌బాల్ యువరాజయ్యాడు: అదే గమ్, ఈసారి గుండ్రంగా. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఆ షోలోని రక్తపిశాచి మార్సెలీన్. ఒకసారి పైకి నెమ్మదిగా అనండి: మార్-సె-లీన్. ఇప్పుడు మార్షల్ లీ. చెవి అదే మనిషిని గుర్తుపడుతుంది, కన్ను కొత్త మనిషిని చూస్తుంది.

జపాన్ అభిమానులు హరుహి సుజుమియా అనే నవలల, యానిమే సిరీస్ పాత్రలతో చేసింది ఇంకా చిత్రం. క్యోన్ అనే అబ్బాయి పేరుకి "కో" చేర్చి క్యోన్‌కో అన్నారు, అమ్మాయి పేరైంది. హరుహి అనే అమ్మాయి పేరుకీ "కో"నే చేర్చారు, హరుహికో అని అచ్చమైన మగ పేరైంది. అక్కడ "హికో"తో ముగిసేవి మగ పేర్లు మరి.

తోక ఎప్పుడూ తప్పే అనడం లేదు. మారియో వీడియో గేమ్‌ల విలన్ బౌజర్‌ని అభిమానులు ఆడగా మార్చి 2018లో బౌజెట్ అన్నప్పుడు నేను ఒప్పుకున్నాను, ఎందుకంటే మారియో ఆటలోనే ఒక మాయ కిరీటం పెట్టుకున్న టోడెట్ అనే పాత్ర పీచెట్ అవుతుంది. అదే కిరీటం బౌజర్ నెత్తిన పెడితే ఆ తోకే రావాలి.

తెలుగులో ఫ్యాన్ కథలు రాసేవాళ్లకి పేరు ఇంకా ముఖ్యం. ఇంగ్లీషులో "షీ" అంటే చాలు, ఆడమనిషని తెలిసిపోతుంది. మనకి అమ్మాయి వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది, అన్నీ ఒకటే. "కేక్ వచ్చింది" అని రాస్తే పిల్లి వచ్చిందా, తినే కేకు వచ్చిందా? బరువంతా పేరు మీదే పడుతుంది. అందుకే తోక తగిలించి వదిలేయకండి, ఇంకో పూట ఆలోచించండి.

మాలీ పక్కన ఇప్పుడు కార్టూన్ నావికుడు పపాయ్‌ని ఆడగా మార్చి గీస్తున్నా. ఆ పేరులో ఉన్నది కన్ను (ఇంగ్లీషు "ఐ"), మగా ఆడా కాదు. అందుకే ఆమె కూడా పపాయ్‌నే, అదే పైపు, అవే లావు ముంజేతులు. పపాయ్ ప్రియురాలు ఆలివ్‌ని మగగా మార్చడానికి ఇంగ్లీషులో చివర ఒక్క "ఆర్" చాలు, ఆలివర్ అయిపోయాడు. సన్నగా, పొడుగ్గా, ఆమె భుజం మీద వేలాడుతూ సగం పూర్తయ్యాడు.